ఐదు మార్కుల నల్లగొండ

తెలంగాణ ఉన్నత విద్యామండలి అధ్యక్షుల వారికి,

డిగ్రీ కాలేజీల్లో ముప్పై ఏళ్ళు కెమిస్ట్రీ చెప్పి రిటైరైనవాణ్ణి. అందులో ఎక్కువ కాలం నల్లగొండ జిల్లాలోనే గడిచింది. రిటైరైన లెక్చరర్ ఉత్తరం అనగానే పెన్షన్ బకాయిల గురించేమో అనుకుంటారు. కాదు. నేనడిగేది డిగ్రీలో ఒక పేపరు. సైన్సు, సాంకేతికత, సమాజం ఈ మూడింటినీ ఒకచోట కూర్చోబెట్టి చదివించే పేపరు.

నా సర్వీసులో ‘నల్లగొండ టెక్నిక్‌ను వివరించుము’ అన్న ప్రశ్న ఎన్నిసార్లు ఇచ్చానో లెక్కలేదు. ఐదు మార్కులు. పిల్లలు చక్కగా రాసేవాళ్ళు. ఫ్లోరైడ్ ఎక్కువున్న నీళ్ళలో పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడరు వేసి కలపాలి. అల్యూమినియం హైడ్రాక్సైడ్ మెత్తటి తునకలుగా ఏర్పడి, ఫ్లోరైడ్‌ను పట్టుకుని అడుక్కు దిగుతుంది. పైన తేరిన నీళ్ళు వాడుకోవాలి. నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ (నీరీ) శాస్త్రవేత్తలు 1970లలో దీన్ని రూపొందించారు. బొమ్మ కూడా వేస్తే నాలుగున్నర వేసేవాణ్ణి. మర్రిగూడ నుంచి, మునుగోడు నుంచి వచ్చిన పిల్లలూ అందరిలాగే రాసేవాళ్ళు. వాళ్ళ ఊళ్ళలో పళ్ళు గారపట్టినవాళ్ళు, నడుములు వంగిపోయినవాళ్ళు ఎందరో నాకు తెలుసు. అయినా ‘మీ ఇంట్లో ఈ పని ఎవరైనా చేస్తారా?’ అని క్లాసులో ఒక్కసారి కూడా అడగలేదు. సిలబస్‌లో లేదు మరి.

రిటైరయ్యాక ఒక పాత విద్యార్థి పెళ్ళికని ఆ వైపు ఊరికి వెళ్ళాను. వాళ్ళింటి వంటగదిలో మూలన, అడుగుకు కాస్త పైగా నల్లా బిగించిన ప్లాస్టిక్ డబ్బా కనిపించింది. నేను ముప్పై ఏళ్ళు బోర్డు మీద వేసిన బొమ్మే! మూత తీసి చూస్తే నిండా కందులు. ‘ఇందులో నీళ్ళు శుద్ధి చేసేవాళ్ళు కదమ్మా?’ అనడిగితే ఆ పిల్లవాడి తల్లి నవ్వింది. ‘నాలుగు దినాలు చేసినం సారూ. పొద్దుగాల కూలికి పోవాల్నా, పటిక కలుపుకుంటూ కూసోవాల్నా?’

నా పాఠంలో లేనిదంతా ఆ ఒక్క మాటలో ఉంది. ఆ పద్ధతిలో నీళ్ళను ముందు జోరుగా, తర్వాత పది నిమిషాల పాటు నెమ్మదిగా కలపాలి. గంటసేపు కదపకుండా ఉంచాలి. పటిక ఎంత వేయాలన్నది ఫ్లోరైడ్ ఎంతుందన్న దానిమీద, నీటి క్షారత్వం మీద ఆధారపడుతుంది. కాబట్టి ఈ బోరు లెక్క ఆ బోరుకు పనికిరాదు. అడుగున మిగిలే మడ్డిలో పట్టుకున్న ఫ్లోరైడంతా ఉంటుంది. దాన్ని ఎక్కడ పారబోయాలి? నీళ్ళ రుచి మారితే ఇంట్లో మగవాళ్ళు, పిల్లలు తాగం అంటారు. వీటన్నిటికీ జవాబు చెప్పుకోవాల్సింది తెల్లవారి ఆరింటికల్లా పత్తి చేనుకు వెళ్ళాల్సిన ఆడమనిషి. సమీకరణం రాసినప్పుడు ఆమె పొద్దుటి గంటన్నరను ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు. రసాయనశాస్త్రంలో తప్పేమీ లేదు. టాంజానియా, ఇథియోపియాల దాకా మన జిల్లా పేరు మోసుకెళ్ళిన పద్ధతి అది. మన జిల్లాలోనేమో దాని డబ్బాలో కందులు పోసుకున్నారు.

కథ అక్కడితో ఆగదు. ఫ్లోరైడ్ నీళ్ళవల్ల వచ్చే ఈ జబ్బు (ఫ్లోరోసిస్) గురించి మన దేశంలో మొదట శాస్త్రీయంగా రాసింది 1937లో, నాటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లా ఊళ్ళను చూసి. అంటే సంగతి తెలియక జరిగిందేమీ కాదు. నల్లగొండ నేల అడుగున ఉన్నది గ్రానైటు. ఆ రాయిలోంచే ఫ్లోరైడ్ నీళ్ళలోకి దిగుతుంది. చేదబావులు ఎండిపోయి బోర్లు లోతుకు వెళ్ళినకొద్దీ చాలాచోట్ల ఆ మోతాదు పెరిగింది. మంచినీళ్ళ కోసమని సర్కారు వేయించిన బోరింగే కొన్ని ఊళ్ళకు విషమైంది. తర్వాత జలసాధన సమితి ఉద్యమం వచ్చింది. 1996 లోక్‌సభ ఎన్నికల్లో నల్లగొండ స్థానంలో 480 మంది పోటీలో నిలిచారు. నీళ్ళు అడగడానికి జనం నామినేషన్ పత్రాలనే దరఖాస్తులు చేసుకున్నారు. ఆ ఏడాదే చట్టం మార్చి లోక్‌సభ అభ్యర్థి కట్టాల్సిన డిపాజిట్టును 500 నుంచి 10,000 రూపాయలకు పెంచారు. చివరికి కృష్ణా నీళ్ళు, మిషన్ భగీరథ పైపులు వచ్చాయి. ఆలోపు ఒక తరం ఎముకలు వంగిపోయాయి.

అధ్యక్షా, ఈ కథ ఏ డిపార్ట్‌మెంటుది? కెమిస్ట్రీవాడు పటిక దగ్గర ఆపుతాడు. జియాలజీవాడు రాయి దగ్గర ఆపుతాడు. పొలిటికల్ సైన్సు మేడం డిపాజిట్టు సవరణ చెబుతుంది, దాని వెనక నీళ్ళ గొడవ కూడా ఉందని ఆమె నోట్సులో ఉండదు. కూలి గంటల సంగతి ఎకనామిక్సు వాళ్ళది. ఒకే స్టాఫ్ రూములో ఒకే ఫ్లాస్కులోని టీ తాగుతూ మేమంతా ఒకే కథను ముక్కలు చేసి పంచుకున్నాం. ముక్కలన్నీ అతికించి చూసే తీరిక ఏ టైంటేబుల్లోనూ లేదు.

ఆ ముక్కలను అతికించే చదువు నా సొంత ఊహేం కాదు. అమెరికాలో కార్నెల్ విశ్వవిద్యాలయం 1969లోనే ఇలాంటి కార్యక్రమం మొదలుపెట్టింది. ఇంజనీర్ల పుట్టిల్లు లాంటి ఎంఐటీ 1976లో మొదలుపెట్టింది. మన దగ్గర జేఎన్‌యూలో, మన హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో పరిశోధన స్థాయిలో ఈ చదువు ఉంది. పీహెచ్‌డీ దాకా వెళ్ళేవాడికి దొరుకుతుంది. దేవరకొండలో బీఎస్సీతో చదువు ముగించి మందుల కంపెనీలోనో, మున్సిపాలిటీ నీళ్ళ ల్యాబులోనో చేరేవాడికి దొరకదు. రేపు టెస్టు రిపోర్టు మీద సంతకం పెట్టేది మాత్రం వాడే.

నల్లగొండ పాత కథ అంటారేమో. అయితే రేషన్ షాపు దగ్గర నిలబడి చూడండి. ఒక ముసలమ్మ వేలిముద్ర మిషన్ మీద బొటనవేలు పెడుతుంది. పడదు. వేలిని తలకు రుద్దుకుని, కొంగుతో తుడుచుకుని మళ్ళీ పెడుతుంది. ‘ఇంకో వేలు పెట్టు’ అంటాడు డీలరు. పదివేళ్ళూ అవుతాయి. ఏళ్ళ తరబడి పత్తి ఏరి, అంట్లు తోమి అరిగిన వేళ్ళవి. ‘నీ వేలు పనిచేస్తలేదు’ అంటారు వరుసలో వెనకున్నవాళ్ళు. ‘మిషన్ పనిచేయడం లేదు’ అని ఎవరూ అనరు. అదే వరుసలో బీకాం కంప్యూటర్స్ చదివే మనవడు ఉన్నా అనడు. ఎందుకంటే మనం వాడికి మిషన్ ఎలా పనిచేస్తుందో చెప్పాం. ఎవరి చేతిని మనసులో పెట్టుకుని దాన్ని తయారుచేశారన్నది కూడా చదవదగ్గ ప్రశ్నేనని చెప్పలేదు.

ఇక్కడ నా తప్పు కూడా ఒకటి ఒప్పుకోవాలి. లేకపోతే ఈ ఉత్తరానికి విలువుండదు. 1991లో ఎం.సి. మెహతా కేసులో సుప్రీంకోర్టు పర్యావరణాన్ని పాఠ్యాంశంగా చెప్పాలంది. ఆ తర్వాత యూజీసీ దాన్ని డిగ్రీలో తప్పనిసరి చేసింది. ఎంత మంచి ఆలోచన! మరి ఏమైంది? అందరూ ‘ఈవీఎస్’ అని పిలిచే ఆ పేపరుకు నేను పనిచేసిన ఒకచోట ప్రత్యేకంగా లెక్చరరే లేడు. ఎవరికి పీరియడ్లు తక్కువుంటే వాళ్ళకు తగిలించేవాళ్ళు. ఫీల్డ్ ప్రాజెక్టు కింద ‘మా ఊరి చెరువు’ అని ఒకే రిపోర్టు నలభై మంది ఇచ్చారు, ఒక్క అక్షరదోషం కూడా మారకుండా. చెరువు లేని ఊరి పిల్లలు కూడా ఇచ్చారు. నలభైటి మీదా సంతకం పెట్టింది నేనే. ఫిబ్రవరి 28న సైన్స్ డేకి వరండాలో అణువుల ముగ్గులు వేయించి ఫొటోలు దిగినవాళ్ళలోనూ నేనున్నాను.

కాబట్టి ఇంకో ఈవీఎస్ మాత్రం ఇవ్వకండి. మార్కుల మెమోలో కలవని పేపరును పిల్లలు చదవరు, మేము చెప్పం. అది మానవ స్వభావం. క్రెడిట్లు ఇవ్వండి. బీఎస్సీ వాళ్ళనే కాక బీఏ, బీకాం వాళ్ళను కూడా అదే క్లాసులో కూర్చోబెట్టండి. ఒక సైన్సు లెక్చరరు, ఒక సోషల్ సైన్సు లెక్చరరు కలిసి చెప్పాలి. మొదటి నెలంతా వాళ్ళిద్దరూ పోట్లాడుకుంటారు. పోట్లాడుకోనివ్వండి, పిల్లలకు పాఠం అక్కడే దొరుకుతుంది. సగం మార్కులు ఒకే పనికి పెట్టండి: తన ఊళ్ళోని ఒక యంత్రాన్నో, మందునో, పథకాన్నో పట్టుకుని, అది ఎలా పనిచేస్తుందో, ఎవరికి పనిచేయడం లేదో విద్యార్థి స్వయంగా వెళ్ళి కనుక్కుని తెలుగులో రాయాలి. ఒక్కొక్కరిదీ ఒక్కో ఊరు కాబట్టి గైడు అచ్చువేసేవాళ్ళకు కాస్త కష్టమే. వాళ్ళు దానికీ దారి వెతుకుతారనుకోండి.

ఉద్యోగాలు రాక ఏడుస్తుంటే ఈ కొత్త పేపరు ఎందుకని అడిగేవాళ్ళుంటారు. ఆ మాటను కొట్టిపారేయను. కాంట్రాక్టు, గెస్టు లెక్చరర్లతో నడిచే కాలేజీల సంగతి నాకు తెలుసు. దీనివల్ల రేపే ఉద్యోగం వస్తుందని చెప్పలేను. కానీ రాజ్యాంగంలోని 51ఎ అధికరణం 1976 నుంచీ శాస్త్రీయ దృక్పథాన్ని, ప్రశ్నించే గుణాన్ని పౌరుడి బాధ్యత అంటోంది. బాధ్యత అన్నాక దాన్ని నేర్పే పీరియడు ఒకటి ఉండాలి కదా.

రాష్ట్రమంతా ఒక్కసారిగా పెట్టమనడం లేదు. వచ్చే విద్యా సంవత్సరంలో పది ప్రభుత్వ డిగ్రీ కాలేజీల్లో మొదలుపెట్టించండి. అందులో ఒకటి నల్లగొండ జిల్లాది ఉండేలా చూడండి. అక్కడ చెప్పడానికి ఎవరూ దొరక్కపోతే నేను వస్తాను, గౌరవ వేతనం అక్కర్లేదు. ఆ ఇంటివాళ్ళను అడిగి, కందులు వేరే సంచిలో పోయించి, మొదటి క్లాసుకు ఆ డబ్బా కూడా తెస్తాను.

భవదీయుడు,
ఒక విశ్రాంత కెమిస్ట్రీ అధ్యాపకుడు,
నల్లగొండ