చిరునామా లేని శ్రామికుడు

పటాన్‌చెరు మొదలు రుద్రారం వరకు గల పరిశ్రమలను నమ్ముకొని దూరప్రాంతాల శ్రామికులు వస్తున్నారు. పని పోయిననాడు అద్దెగదియు పోవును. నగరాలలో లక్ష జనాభాకొక ఆశ్రయగృహం ఉండాలని సుప్రీంకోర్టు 2010లో ఆదేశించింది. హైదరాబాదులో అమన్ వేదిక వంటి స్వచ్ఛంద సంస్థలు అట్టి గృహాలను నిర్వహించాయి.

అయితే పడక దొరికినంతనే నిరాశ్రయత తీరదు. ఇల్లు లేనివానికి చిరునామా లేదు. చిరునామా లేనివానికి కాగితాలు పుట్టవు. కాగితాలు లేనిదే ఏ పథకమూ అందదు. నివాసపత్రం లేకున్నా, రాత్రి నిద్రించే చోటును అధికారి స్వయంగా చూచి ఓటరుగా నమోదు చేయవచ్చునని ఎన్నికల సంఘం నియమం. ఈ సంగతి తెలిపి, వెంట నడిచేవారే కరువు.

ఉర్దూ, తెలుగు రెండూ నేర్చిన మన విద్యార్థులు అట్టివారికి దరఖాస్తులు వ్రాసిపెట్టగలరు. అందుకు వారానికొక పూట కేటాయించవలసినదిగా కళాశాల సంఘానికి నా మనవి.