పెళ్లివారు ఊళ్లో ఉండగానే పందిరి పీకేస్తారా?
ఐసీసీకి ఒక బహిరంగ లేఖ

ఎడిసన్, న్యూజెర్సీ
2024 జూన్ 16

ఐసీసీ ఛైర్మన్ గ్రెగ్ బార్క్‌లే గారికి, సీఈఓ జెఫ్ అలార్డైస్ గారికి, దుబాయ్ ఆఫీసులోని మిగతా పెద్దలందరికీ,

మొన్న బుధవారం మధ్యాహ్నం టీ20 ప్రపంచకప్‌లో అమెరికా మీద భారత్ గెలిచిందో లేదో, న్యూయార్క్ దగ్గరి ఐసెన్‌హోవర్ పార్కులో స్టాండ్లు విప్పే పని మొదలైపోయింది. మీరు దాచిందేమీ లేదు. తాత్కాలిక స్టేడియం అని మొదట్నించీ చెబుతూనే ఉన్నారు. 34 వేల సీట్లు మూడు నెలల చిల్లరలో నిలబెట్టామని గొప్పగా చెప్పుకున్నారు కూడా. ఆ స్టాండ్లలో కొన్ని లాస్ వేగాస్ ఫార్ములా వన్ రేసు దగ్గర వాడినవేనని మాకూ తెలుసు. తెలిసినా మనసు చివుక్కుమంది. టోర్నీ ఇంకా సగంలోనే ఉంది. ఆతిథ్య జట్టు ఓడి ఇంటికి పోలేదు, సూపర్ 8కి చేరింది. పెళ్లివారు ఇంకా ఊళ్లో ఉండగానే పందిరి గుంజలు పీకేయాల్సినంత తొందర ఏమొచ్చింది?

మైదానంలో గడ్డి మిగులుతుందట. పిచ్‌లు ఉంచుకోవాలా వద్దా అన్నది నసావు కౌంటీ ఇష్టమట. ఉంచుకుంటే వాటిని ఎవరు చూసుకుంటారు? అడిలైడ్ నుంచి క్యూరేటర్ డామియన్ హఫ్ బృందం వచ్చి, మట్టి ట్రేలలో పోసి, ఫ్లోరిడాలో గడ్డి పెంచి, లారీల మీద న్యూయార్క్ దాకా మోసుకొచ్చిన పిచ్‌లవి. వాటికి రోజూ నీళ్లు పెట్టి రోలర్ తిప్పే మనిషి కావాలి, జీతం కావాలి. మంచు పడే డిసెంబరులో వాటి గతేమిటో చెప్పేవాళ్లు కావాలి. ఆ మనిషిని మీరు పెడతారా? కౌంటీ పెడుతుందా? లేక రెండేళ్లలో అక్కడ సాకర్ గీతలు పడతాయా?

ఆ పిచ్‌ల సంగతి ఎత్తితే మీకే ఇబ్బంది, అయినా ఎత్తక తప్పదు. మొదటి మ్యాచ్‌లో శ్రీలంక 77కే కుప్పకూలింది. ఐర్లాండ్ 96 దగ్గర ఆగింది. అదే రోజు రోహిత్ శర్మ చేతికి బంతి తగిలి బ్యాటింగ్ ఆపి వెళ్లిపోయాడు, పంత్ మోచేతికీ దెబ్బ తగిలింది. మర్నాడు, పిచ్‌లు అనుకున్నంత నిలకడగా లేవని మీరే ప్రకటన ఇచ్చారు. ఒప్పుకున్నందుకు సంతోషం. కానీ ఏ పిచ్ మీద ఆడబోతున్నారో ముందే తెలుసు కదా. ప్రపంచకప్‌కు ముందు ఆ మైదానంలో జరిగింది ఒకే ఒక్క వార్మప్ మ్యాచ్. కోట్ల మంది చూసే పోటీకి సరిపోయే పరీక్షేనా అది?

భారత్, పాకిస్తాన్ మ్యాచ్‌కు వద్దాం. ఆ ఆదివారం, జూన్ 9న నేనూ అక్కడే ఉన్నాను. పొద్దున వాన. మనుషులు ప్లాస్టిక్ కోట్లు తొడుక్కుని తడిసిన సీట్ల మీద కూచున్నారు. జనం లేచి గంతులేస్తే కాళ్ల కింద ఇనుప మెట్లు ధన్ ధన్‌మని ఊగేవి, పక్కవాడి చేతిలో కాఫీ ఒలికేది. నా ముందు వరసలో లాహోర్ నుంచి వచ్చి క్వీన్స్‌లో స్థిరపడిన పెద్దాయనొకరు మనవడితో కూచున్నారు. వెనక గుంటూరు కుర్రాళ్ల గుంపు. భారత్ 89కి 3 వికెట్ల నుంచి 119కి ఆలౌట్ అయినప్పుడు ఆ పెద్దాయన వెనక్కి తిరిగి, మా కుర్రాళ్లకు చిప్స్ పొట్లం అందించి నవ్వారు. ఎగతాళో సానుభూతో ఇప్పటికీ తెలియదు. ఆ తర్వాత బుమ్రా రిజ్వాన్ స్టంపులు లేపేశాడు. మన హైదరాబాదీ సిరాజ్‌కు వికెట్ పడకపోయినా నాలుగు ఓవర్లలో 19 పరుగులే ఇచ్చాడు, పేపర్లలో పెద్దగా రాలేదు గానీ ఆ మ్యాచ్‌కు అది చిన్న విషయం కాదు. చివరి ఓవర్లో 18 కావాల్సి ఉండగా నసీమ్ షా రెండు ఫోర్లు కొట్టాడు, అయినా పాకిస్తాన్ ఆరు పరుగుల దూరంలో ఆగిపోయింది. కన్నీళ్లతో మైదానం దాటుతున్న నసీమ్‌కు మా స్టాండ్‌లో భారత్ జెర్సీలు వేసుకున్నవాళ్లు కూడా చప్పట్లు కొట్టారు. అది మీరు రాసిచ్చిన స్క్రిప్టు కాదు, ఈ దేశంలో పక్కపక్క ఇళ్లలో, పక్కపక్క క్యూబికల్స్‌లో బతికేవాళ్ల మధ్య మామూలుగా ఉండే మర్యాద.

ఆ మర్యాదకు మీరు కట్టిన ధర ఎంత? ఫిబ్రవరిలో లాటరీ పెట్టినప్పుడు టికెట్లు ఆరు డాలర్ల నుంచి అని ఊదరగొట్టారు. ఆ ఆరు డాలర్లు ఈ మ్యాచ్‌కు వర్తించవని తర్వాత తెలిసింది. డైమండ్ క్లబ్ సీట్లు వేల డాలర్లు. సీటు ఇరవై వేలకు అమ్ముతున్నారని, లాభాల కోసం కాదు ఆటను పెంచడానికి కదా అమెరికా వెళ్లిందని లలిత్ మోదీ గారు బాధపడ్డారు. ఐపీఎల్‌ను పుట్టించిన మనిషికే ధర ఎక్కువగా కనిపించిందంటే ఇక నెల జీతగాళ్ల మాట చెప్పేదేముంది!

వేళలు చూడండి. న్యూయార్క్‌లో ప్రతి మ్యాచ్ పొద్దున పదిన్నరకే. ఎందుకంటే అప్పుడు హైదరాబాదులో, ముంబయిలో రాత్రి ఎనిమిది. సరే, టీవీ డబ్బుతోనే మీ బండి నడుస్తోంది, మేం పసివాళ్లం కాదు. కానీ అమెరికా తన సొంతగడ్డ మీద భారత్‌తో మొట్టమొదటిసారి ప్రపంచకప్ మ్యాచ్ ఆడింది బుధవారం పొద్దున పదిన్నరకి. పాకిస్తాన్‌ను సూపర్ ఓవర్లో ఓడించిన ఆ అద్భుతం డాలస్‌లో జరిగింది గురువారం పొద్దున. ఈ దేశానికి క్రికెట్ నేర్పడానికి వచ్చామన్నారు కదా, బడిపిల్లలు బడిలో, పెద్దలు మీటింగుల్లో ఉన్న వేళ ఎవరికి నేర్పుదామని? ఒరాకిల్‌లో ఇంజినీరుగా పనిచేసే సౌరభ్ నేత్రావల్కర్ ఆ సూపర్ ఓవర్ వేస్తుంటే, అతని లాంటి వేలమంది ఇంజినీర్లు కెమెరా ఆఫ్ చేసి ఫోన్లో చూడాల్సి వచ్చింది. భారత్ మీద అతను కోహ్లీని మొదటి బంతికే పంపి, వెంటనే రోహిత్‌నూ అవుట్ చేసినప్పుడూ అంతే.

ఇంకో మాట. భారత్ సెమీఫైనల్‌కు చేరితే గయానాలోనే ఆడుతుందని టోర్నీ మొదలవకముందే రాసిపెట్టారు. మళ్లీ అదే రాత్రి ఎనిమిది లెక్క. శ్రీలంకేమో నాలుగు మ్యాచ్‌లకు నాలుగు ఊళ్లు తిరగాలి. ఇది అన్యాయమని ఆ జట్టు ఆటగాడు తీక్షణ నోరు విప్పి అన్నాడు. ఏ జట్టు అభిమానికైనా ఇందులో గర్వపడేదేముంది? భారత్ గెలవాలని ఒళ్లంతా కళ్లు చేసుకుని చూసే నాలాంటివాడికి కూడా ఇది నచ్చలేదు. మా జట్టుకు మీ సాయం అక్కర్లేదు.

పాత గొడవలన్నీ తవ్వను. అయినా ఒక్కటి. 2013 జనవరి తర్వాత భారత్, పాకిస్తాన్ ఒకదాని గడ్డ మీద ఒకటి సిరీస్ ఆడింది లేదు. 2007 తర్వాత టెస్టు లేదు. ప్రభుత్వాల మధ్య ఉన్నది మీ చేతిలో లేదు, నిజమే. మరి అప్పట్నుంచీ మీ టోర్నీల్లో ఈ రెండు జట్లూ ఒకే గ్రూపులో పడుతూ రావడం ఎవరి చేతి మహిమ? టొరంటోలో 1996 నుంచి 98 దాకా ఈ రెండు జట్ల మధ్య సహారా కప్ జరిగేది. ఇక్కడి తెలుగువాళ్లలో పాతకాపులు సరిహద్దు దాటి కారేసుకుని వెళ్లి చూసొచ్చారు. అయిదేసి వన్డేల సిరీస్. ఒక ఏడాది వాళ్లు 3-2, మరుసటి ఏడాది మనం 4-1, ఆపైన మళ్లీ వాళ్లు 4-1. ఓడితే రెండు రోజుల్లో బదులు తీర్చుకునే వీలుండేది. స్పర్ధ అంటే అలా ఉండాలి. ఇప్పుడు ఏడాదికో రెండేళ్లకో ఒక మధ్యాహ్నం, దాని మీదే మొత్తం వ్యాపారం.

ఈ దేశానికి క్రికెట్ కొత్తన్నట్టు మీ ప్రకటనలు మాట్లాడతాయి. ప్రపంచంలో మొదటి అంతర్జాతీయ క్రికెట్ మ్యాచ్ 1844 సెప్టెంబరులో మాన్‌హట్టన్‌లోనే జరిగింది, అమెరికా మీద కెనడా 23 పరుగులతో గెలిచింది. 1859లో ఇంగ్లండ్ ఆటగాళ్లు చేసిన మొట్టమొదటి విదేశీ పర్యటన కూడా ఈ ఖండానికే, మా పక్కనున్న హోబోకెన్‌లోనూ ఆడి వెళ్లారు. ఆ తర్వాత అంతా వచ్చిపోయే వ్యవహారమే అయింది. 2015లో సచిన్, వార్న్ బేస్‌బాల్ స్టేడియాల్లో మూడు మ్యాచ్‌లు ఆడి సంబరం చేసి వెళ్లారు. ఇక్కడి పాత బోర్డును మీరే 2017లో వెలివేసి, రెండేళ్లకు కొత్తదాన్ని చేర్చుకున్నారు. ఇన్నిసార్లు ఇల్లు సర్దినా, సొంతంగా ఒక గది కట్టాలని మీకెవరికీ తోచలేదు.

మేం ఎలా ఆడతామో మీకెవరైనా చెప్పారా? ఆదివారం తెల్లారి ఆరింటికి ఎవరో ఒకరి వ్యాన్ వెనక మ్యాట్ చుట్టలో దొర్లుతూ ఉంటుంది. ఇద్దరు మోస్తారు, ఇద్దరు లాగి పరుస్తారు, ఒకడు సుత్తితో అంచుల పొడవునా మేకులు కొడతాడు. ఒక మేకు వదులైతే మ్యాట్ లేస్తుంది, బంతి గొంతు మీదికొస్తుంది. మిడ్‌వికెట్ దగ్గర బేస్‌బాల్ వాళ్ల మట్టిదిబ్బ. అటు కొట్టిన బంతి ఎటు ఎగురుతుందో ఆ దేవుడికే తెలియాలి. పదింటికి పిల్లల బేస్‌బాల్ జట్టు పర్మిట్ కాగితం పట్టుకుని వస్తే మేకులు పీకి, మ్యాట్ చుట్టుకుని పోవాలి. స్టేడియం మొదట బ్రాంక్స్‌లోని వాన్ కోర్ట్‌లాండ్ పార్కులో కట్టాలనుకున్నప్పుడు అక్కడి క్రికెట్ లీగులవాళ్లే ఎదురు తిరిగారు, గుర్తుందా? ఉన్న కాస్త చోటూ మీ పండగకు పోతుందని భయం. క్రికెట్ ఆడేవాళ్లే క్రికెట్ స్టేడియం వద్దనే పరిస్థితి ఎందుకొచ్చిందని మీ సమావేశాల్లో ఒక్కసారైనా చర్చించారా?

ఇన్ని ఇబ్బందుల మధ్య కూడా ఆట పెరుగుతోంది. అది మీ చలవ కాదు. గత ఏడాది దక్షిణాఫ్రికాలో అమ్మాయిల అండర్-19 ప్రపంచకప్ ఆడిన అమెరికా జట్టుకు కెప్టెన్ కొడాలి గీతిక. ఆ జట్టులో లాస్య ముళ్ళపూడి, భూమిక భద్రిరాజు, అనికా కోలన్ ఉన్నారు. మన ఇళ్ల పిల్లలే. తల్లిదండ్రులు శని, ఆదివారాలు గంటలకొద్దీ కారు నడిపి, సొంత డబ్బుతో కోచింగ్ ఇప్పిస్తే ఎదిగినవాళ్లు. పోనీ డబ్బున్నవాళ్లయినా పట్టించుకోలేదా అంటే అదీ కాదు. మేజర్ లీగ్ క్రికెట్‌లో సియాటిల్ జట్టు వెనక సత్య నాదెళ్ల గారు, మన జీఎంఆర్ వాళ్లూ ఉన్నారు. డాలస్ దగ్గర గ్రాండ్ ప్రైరీలో పాత బేస్‌బాల్ స్టేడియాన్ని క్రికెట్‌కు మార్చి నిలబెట్టారు. అది చిన్నదే, కానీ టోర్నీ అయ్యాక కూడా అక్కడే ఉంటుంది. అది వాళ్లకు చేతనైనప్పుడు మీకెందుకు కాలేదు?

ఫ్లోరిడా సంగతి ఎత్తాలంటే విసుగొస్తోంది. జూన్‌లో అక్కడ వానలని పంచాంగం చూడనివాడికీ తెలుసు. శ్రీలంక, నేపాల్ మ్యాచ్ పోయింది, అమెరికా, ఐర్లాండ్ మ్యాచ్ పోయింది, నిన్న భారత్, కెనడా మ్యాచ్ కూడా పోయింది. సెలవు పెట్టి, విమానం ఎక్కి వెళ్లినవాళ్లు తడిసిన గడ్డిని చూసి తిరిగొచ్చారు. మైదానమంతా కప్పే పట్టాలు లేవా అని గావస్కర్ గారే అడిగారు. మేం కొత్తగా అడగాల్సిందేముంది?

2028లో లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌లో క్రికెట్ ఉంది. అప్పుడూ మళ్లీ ఇలాగే కట్టి, ఇలాగే విప్పుకుని పోతారా? ఈసారి వచ్చిన లాభంలో ఎంతో కొంత ఇక్కడే ఉంచుతారా? ఉంచితే ఎవరి చేతిలో పెడతారు? అడిగితే జవాబిచ్చే మనిషి ఎవరు?

మేం పెద్ద స్టేడియం అడగడం లేదు. మీరు కట్టినా అందులోకి మాకు టికెట్ దొరకదు. ఐసెన్‌హోవర్ పార్కులో మీరు వదిలి వెళ్తున్న ఆ మట్టిని కాపాడే ఏర్పాటేదో చేయండి. మన ఊళ్లలో ఒక్క రోలరూ, ఒక్క మాలీ ఉంటే గ్రౌండు బతికేది. నసావు కౌంటీతో కూచుని మాట్లాడండి, ఇక్కడి లీగులవాళ్లను కూడా పిలవండి, ఏం తేలిందో బయటపెట్టండి. ఎలా చేస్తారన్నది మీకే వదిలేస్తున్నాం.

బుధవారం 19న అంటిగ్వాలో దక్షిణాఫ్రికాతో అమెరికా సూపర్ 8 మ్యాచ్. ఇక ఈ టోర్నీలో అమెరికా గడ్డ మీద అమెరికాకు మ్యాచ్ లేదు.

ఇట్లు,
న్యూజెర్సీ వీకెండ్ లీగులో ఆడే ఒక తెలుగువాడు