పాచి వేరు, పచ్చ వేరు

మా పెరట్లో గాబు చూసి మొహం చిట్లించని చుట్టం లేడంటే నమ్మండి. "ఇదేంటమ్మా, నీళ్ళు ఇలా పాచిపట్టిపోయాయి, పారబోయకూడదూ?" అంటారు. అందులో చేపలున్నాయని చెబితే "అయ్యో, మురికిలోనా!" అని ఇంకాస్త జాలిపడతారు. జాలి చేపల మీదా, నా ఇంటిపని మీదా అన్నది నాకు తెలియనిదేం కాదు.

తెలుగులో మనకి రెండు మాటలున్నాయి. పాచి అంటే నిలవ ఉన్నది, కడగాల్సినది. పాచి మొహం, పాచి పని, అన్నీ ఆ జాతివే. పచ్చ అలా కాదు. పచ్చగా ఉండమని దీవిస్తాం, పచ్చని సంసారం అంటాం. గాబు గోడకి జిగురుగా అంటుకుని కాలు జారేలా చేసేది పాచి. నీళ్ళలో కలిసిపోయి ఎండలో లేత పెసర రంగుగా కనిపించేది మాత్రం కంటికి ఆనని మొక్కల గుంపు. ఆ సూక్ష్మమైన నాచు చేపల మలంలోంచి వచ్చే విషాన్ని తన ఎరువుగా తినేస్తుంది. దాన్ని తిని బతికే నలకల్లాంటి పురుగులు అప్పుడే పుట్టిన చేపపిల్లలకి ఆహారమవుతాయి. కైకలూరు, భీమవరం వైపు చేపల చెరువుల రైతుల్ని అడగండి. నీళ్ళు తేటగా ఉంటే వాళ్ళకి బెంగ. పేడా, ఎరువులూ వేసి మరీ పచ్చబరుస్తారు.

అయితే చిక్కటి పచ్చ మంచిది కాదు. మోచేతిదాకా చెయ్యి ముంచితే వేళ్ళు మసగ్గానైనా కనబడాలి. ఎందుకంటే ఆ నాచు పగలు ఎండలో ప్రాణవాయువు ఇస్తుంది, రాత్రి అదే తిరిగి తీసుకుంటుంది. అందుకే మరీ చిక్కబడ్డ తొట్లో తెల్లవారుజామున చేపలు పైకి తేలి నోళ్ళు తెరుస్తుంటాయి. అలా కనబడిన రోజు పావు వంతు నీళ్ళు తోడి, నిలవబెట్టిన నీళ్ళు పోస్తే సరి. తోడినవి కరివేపాకు మొదట్లోనో మల్లెపాదులోనో పోయండి. బజారు ఎరువు అక్కర్లేదు.

ఇప్పుడు అసలు సంగతి. హాల్లో అద్దాల తొట్టె కొనాలని ముచ్చటపడేది మగవాళ్ళూ పిల్లలూ. రంగు రాళ్ళు, బుడగలు వచ్చే మోటారు, లైటు, అన్నీ వస్తాయి. మొదటి నెల అందరూ చుట్టూ చేరతారు. రెండో నెల నుంచి ఆ అద్దం తుడిచేదీ, ఫిల్టరు స్పాంజి పిండేదీ ఎవరు? కరెంటు పోతే విసనకర్ర పట్టుకున్నట్టు దాని పక్కన నిలబడేదెవరు? నాకు అద్దాల తొట్టెంటే గిట్టనిది అందుకే. అది ఇంటికి అందం, ఇల్లాలికి మరో గిన్నె. పెరట్లో గాబు అలా కాదు, దాని పని అదే చూసుకుంటుంది. ఒక పూట ఎండ, ఒక పూట నీడ పడేచోట ఉండి, ఒక పగిలిన కుండ బోర్లించి, కాస్త నీటి మొక్క వేస్తే చాలు. పిల్లలు దాక్కోవడానికి అవి కావాలి, లేకపోతే గప్పీ తల్లే తన పిల్లల్ని తినేస్తుంది. నెలకోసారి ఈనే తల్లికి ఆ మాత్రం చిరాకు ఉండదా అంటారు మా అత్తయ్యగారు.

శుభ్రం చెయ్యాలనే చేతులే చేపలకి ప్రమాదం. మేం ఊళ్ళో లేనప్పుడు బంధువొకావిడ మంచిమనసుతో మా గాబంతా పీచుతో రుద్ది, అప్పుడే వచ్చిన కుళాయి నీళ్ళు పట్టేశారు. క్లోరిను వాసన వేస్తున్న నీళ్ళు. సాయంత్రానికి ఒక్కటి మిగల్లేదు. మా చిన్నాడు రెండ్రోజులు అన్నం సరిగా తినలేదు. ఆవిణ్ణి ఏమనగలం? మెరిసేదే శుభ్రం అని మనందరికీ చిన్నప్పుడే నూరిపోశారు.

దోమల మాటకొస్తాను, మీకు ఉండే భయం అదేగా. డెంగీ దోమ గుడ్లు పెట్టేది చాలావరకు మనం శుభ్రం అనుకునే తేట నీళ్ళలోనే. కూలర్ అడుగున, ఫ్రిజ్ వెనక ట్రేలో, పూలకుండీ కింద పళ్ళెంలో, కొబ్బరి చిప్పలో. గుడ్డు దోమై ఎగరడానికి వారం పదిరోజులు. అందుకే వారానికో రోజు అన్నీ వంపి ఆరబెట్టమంటారు. వంపడమే కాదు, గోడలు రుద్దాలి కూడా, ఆ గుడ్లు ఎండిపోయినా నెలలు బతికి ఉంటాయి. మా గాబుని కూడా పారబొయ్యమని సర్వేకి వచ్చినాయన పట్టుబట్టాడు. టార్చి వేసి చూడమన్నాను. మెలికలు తిరిగే పురుగు ఒక్కటి దొరకలేదు. చేపలున్న తొట్లో అవి మిగలవు. కానీ చేపలున్నాయి కదా అని మిగతా గిన్నెలూ చిప్పలూ వదిలేసేవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. గాబులో చేప ఫ్రిజ్ ట్రేలోకి దూకి రాదు.

ఇంకొకటి. పిల్లలు ఎక్కువయ్యాయని చెరువులోనో కాలవలోనో వదలకండి. గప్పీలు దక్షిణ అమెరికావి. దోమల కోసం పంచే గంబూసియా కూడా అమెరికా చేపే, 1928లో మన దేశానికి తెచ్చారు. చెరువులో పడితే మన చిన్న చేపల గుడ్లూ పిల్లలూ వాటికి మేత. ఎదుగుతున్న పిల్లలున్న ఇంట్లోనైతే గాబు మీద ఇనప జల్లెడ తప్పనిసరి. లకుముకిపిట్టకీ పిల్లికీ కూడా అదే మందు.

ఈ నెల మా దగ్గర గప్పీ పిల్లలు బోలెడున్నాయి. కావాలన్నవాళ్ళు సీసా తెచ్చుకోండి. హాల్లో అద్దాల తొట్టెకైతే మాత్రం ఇవ్వను.