పద్దులు పరుల యింట

దీపావళి పాడ్యమినాడు క్రొత్త వహీలకు పసుపు కుంకుమ లద్ది, తొలి పుటపై శ్రీకారము వ్రాసి పూజించుట మన షోలాపురపు తెలుగు వర్తకులకు తాతలనాటి ఆచారము. ఆ వహీ అంగటి పెట్టెలో నుండెడిది. పెట్టె తాళపుచెవి యజమాని మొలత్రాట నుండెడిది. ఎవరెంత బాకీ యున్నారో, ఏ నేతగానికి ఎంత బయానా ఇచ్చితిమో పరులకు తెలియకుండెడిది. నేడు పూజ మిగిలినది గాని వహీ పోయినది. దాని స్థానమున కంప్యూటరు వచ్చి చాల కాలమైనది. ఇప్పుడా కంప్యూటరులోని పద్దులు సైతము అంగడి విడిచి వేరొక తావునకు తరలుచున్నవి. దీనినే ‘క్లౌడ్’ అనుచున్నారు. ఇది మేలా, కీడా అని మన సభ్యులలో పలువురు మమ్మడుగుచున్నారు. కావున ఈ వారము ఆ విషయమును విచారింపవలసి యున్నది.

పేరు మేఘమే గాని వస్తువు మేఘము కాదు. ముంబయిలోనో, హైదరాబాదులోనో, చెన్నపట్టణములోనో గొప్ప భవనములలో వేలకొలది కంప్యూటర్లు రేయింబవళ్ళు పని చేయుచుండును. అందు కొంత చోటును మనము నెలకో, ఏడాదికో అద్దెకు పుచ్చుకొందుము. మన లెక్కలు అచ్చటనుండును. ఇంటర్నెట్టు ద్వారా మన మిచ్చటనుండి వానిని చూతుము. చాదరు బేళ్ళను అద్దె గిడ్డంగిలో నుంచుట మనకు క్రొత్త కాదు. ఇదియు అట్టిదే. సరకు మనది, గోడలు పరునివి. ఈ సంగతి మనస్సున నుంచుకొన్నచో తక్కినదంతయు సులభముగా బోధపడును.

మొదట మేలు చెప్పుదము. 2015 డిసెంబరులో చెన్నపట్టణమును వరద ముంచినప్పుడు ఎందరో చిన్న వర్తకుల అంగళ్ళలో కాగితపు పద్దులును, కంప్యూటర్లును ఒక్కమారే నీట మునిగినవి. సరకు పోయిన తిరిగి కొనవచ్చును. బాకీల పద్దు పోయిన అడుగుటకు ఆధారమే యుండదు. లెక్కలు దూరమున నున్నచో అట్టి ఆపద తప్పును. రెండవది, తండ్రి షోలాపురమున మగ్గములు చూచుకొనుచుండగా కొడుకు హైదరాబాదున తువాళ్ళు అమ్ముచున్న కుటుంబములు మనలో ననేకము కలవు. ఇరువురును, ఆడిటరును ఒకే పద్దును ఒకే గడియలో చూడగలుగుట సామాన్యమైన సౌకర్యము కాదు. మూడవది, 2017 జూలై 1వ తేదీన జి.ఎస్.టి. వచ్చినది మొదలు నియమములు పలుమారులు మారినవి. 2025 సెప్టెంబరు 22 నుండి పన్ను శాతములే మారినవి. అట్టి మార్పులను సేవ నడుపువారే ఒక్కచోట సరిదిద్దుదురు. ప్రతి అంగటికిని మనిషిని పిలిపించుకొను బాధ తగ్గును. పెద్ద యంత్రము కొనుటకు మూలధనము లేని చిన్న వర్తకునకు, వాడుకొన్నంతకే అద్దె చెల్లించుట అనుకూలమనుటలో సందేహము లేదు.

ఇక కీడు. గోడలు పరునివైనప్పుడు ఆ గోడలకు వచ్చిన ఆపద మనదియు నగును. 2021 మార్చి 10వ తేదీన ఫ్రాన్సు దేశమున స్ట్రాస్‌బర్గు నగరములో ఓ.వి.హెచ్. సంస్థవారి కంప్యూటరు భవన మగ్నికి ఆహుతి అయినది. వేరొకచోట నకలు దాచుకొన్నవారు బయటపడిరి. నకలును సైతము అదే ఆవరణలో నుంచినవారిలో కొందరు సర్వము పోగొట్టుకొనిరి. 2024 మే నెలలో ఆస్ట్రేలియాలో ఐదు లక్షలకు పైగా సభ్యులు గల యూనిసూపర్ అను పింఛను నిధి లెక్కలు గూగుల్ వారి పొరపాటున చెరిగిపోయినవి. వేరొక సంస్థవద్ద నున్న నకలు కూడ అవి తిరిగి దక్కుటకు తోడ్పడినది. గొప్ప సంస్థ గనుక పొరపాటు జరుగదనుకొనుట భ్రమ.

దొంగల సంగతియు నట్టిదే. మన దేశముననే 2024 జూలై చివర, సహకార బ్యాంకులకును గ్రామీణ బ్యాంకులకును సాంకేతిక సేవ చేయు ఒక సంస్థపై దాడి జరుగగా, సుమారు 300 చిన్న బ్యాంకుల చెల్లింపులు తాత్కాలికముగా నిలిపివేయవలసి వచ్చినది. ఆ బ్యాంకులు చేసిన తప్పేదియు లేదు. అందరును ఒకే చూరు క్రింద నుండుటయే కారణము. 2025 జూలైలో ఐరోపావారి ఆంక్షల పేరిట నయారా ఎనర్జీ యను నూనె శుద్ధి సంస్థకు మైక్రోసాఫ్ట్ వారు సేవ నాపివేసిరి. నయారా వారు ఢిల్లీ హైకోర్టు నాశ్రయించిరి. కొలది దినములలో సేవ తిరిగి వచ్చినది. వారికి న్యాయవాదులున్నారు. మనకట్టి ఇబ్బంది వచ్చిన నెవరి నాశ్రయింతుము?

అయినను మా యనుభవములో అగ్ని కన్న, దొంగ కన్న తరచుగా వచ్చు ఆపద వేరొకటి కలదు. అది మన అజాగ్రత్త. కొన్నేండ్ల క్రిందట మా అంగటి లెక్కల సేవను గుమాస్తాయైన ఒక కుర్రవాని ఫోను నంబరుపై తెరిపించితిమి. సులువుగా నున్నదని ఊరకుంటిమి. అతడు పని మానుకొని వేరే ఊరికి పోయెను, నంబరును మార్చుకొనెను. సరిగా రిటర్ను దాఖలు చేయవలసిన దినములలో మా పద్దు మాకే తెరువబడలేదు. మా లెక్కలు మావేయని నిరూపించుకొనుటకు పలుమారులు ఉత్తరములు వ్రాయవలసి వచ్చినది. తప్పు కుర్రవానిది కాదు. తాళపుచెవి పరుని మొలకు కట్టిన మాదే.

చట్టము కూడ ఈ మాటనే చెప్పుచున్నది. జి.ఎస్.టి. చట్టము ననుసరించి లెక్కలను ఆ యేటి వార్షిక రిటర్ను గడువునుండి 72 నెలలు భద్రపరుపవలెను. “లెక్కలు క్లౌడ్‌లో నుండి పోయినవి” అను సమాధానము అధికారి యొద్ద చెల్లదు. ఖాతాదారుల వ్యక్తిగత వివరములను గూర్చి 2023లో పార్లమెంటు ప్రత్యేక చట్టము చేసినది. దాని నియమములు 2025 నవంబరులో ప్రకటింపబడినవి. అద్దె గిడ్డంగిలో నుంచినను బాధ్యత సరకు యజమానిదే.

మరియొక సంగతి మనవంటి భాషా అల్పసంఖ్యాకులకు ముఖ్యమైనది. ఈ సేవల ఒడంబడికలు ఆంగ్లమున నుండును. మన పెద్దలలో ననేకులకు తెలుగు చదువుట వచ్చును, మరాఠీ మాటలాడుట వచ్చును, ఆంగ్లము రాదు. చదువని కాగితముపై వ్రేలిముద్ర వేయుటకును, చదువని తెరపై ‘అంగీకరించుచున్నాను’ అని నొక్కుటకును భేదము లేదు. అప్పుల పత్రముల విషయమున మన తాతలు నేర్చిన గుణపాఠమును మనము మరువరాదు.

కావున మా యభిప్రాయమిది. క్లౌడును కాదనుట తెలివి కాదు. కన్నులు మూసికొని అప్పగించుటయు తెలివి కాదు. చేరదలచినవారు కొన్ని నియమములను పాటింపవలెను. ఖాతా యజమాని పేరున, యజమాని ఫోను నంబరున నుండవలెను. ఇంటిలో మరియొకరికి దాని వివరము తెలియవలెను. సంకేతపదముతో పాటు ఫోనుకు వచ్చు రెండవ పరీక్షను తప్పక పెట్టుకొనవలెను. నెలకొకమారు లెక్కలన్నిటి నకలు ఒక డిస్కులో దింపి, కంప్యూటరునుండి వేరుచేసి ఇంటి బీరువాలో నుంచవలెను. మూడు నెలలకొకమారు ఆ నకలును తెరచి చూడవలెను. తెరువబడని నకలు నకలు కాదు. సేవ మానుకొనునాడు మన లెక్కలు మనకు ఏ రూపమున తిరిగి యిత్తురో చేరకముందే వ్రాతపూర్వకముగా అడుగవలెను. సంవత్సరాంతమున బాకీల పట్టిక నొకదానిని కాగితముపై అచ్చు వేయించి దాచవలెను. ఖాతాదారుల ఆధారు నకళ్ళవంటివి అవసరము లేనిచో అసలే సేకరింపరాదు.

చిన్న వర్తకుడు ఒంటరిగా ఒడంబడిక చదువలేడు, సంఘము చదువగలదు. మన పిల్లలలో పూనాలోను, హైదరాబాదులోను ఈ వృత్తిలోనే యున్నవారు పలువురు కలరు. వారు సెలవులకు వచ్చినప్పుడు ఒక పూట సంఘ భవనమున కూర్చుండి, ఈ ఒడంబడికలను తెలుగున చదివి వినిపించిన ఎందరికో మేలు చేసినవారగుదురు. అట్టి సమావేశము నేర్పాటు చేయుమని కార్యవర్గమును కోరుచున్నాము.

రానున్న దీపావళికి పూజ పీటపై వహీకి బదులు కంప్యూటరునే ఉంచుదురు గాక. దాని ప్రక్కన ఆ నకలు డిస్కునుకూడ నుంచి, కుంకుమ పెట్టుడని మా విన్నపము.