పత్తి ధర యెంత యను ప్రశ్న

ఖరీఫు విత్తనములకై సభ్యులు సంఘమునకు వచ్చునప్పుడెల్ల మేము వినుచున్న ప్రశ్న యొక్కటే: ఈ యేడు పత్తి ధర యెంత పలుకును? దీనికి నిక్కమైన జవాబు చెప్పగలవాడు ఆదిలాబాదు మార్కెట్టు యార్డులో లేడు, బొంబాయిలో లేడు, న్యూయార్కులోను లేడు. కావున ప్రశ్ననే మార్చుకొనుట మేలని మా యభిప్రాయము.

లోకమంతట వ్యాపారము నడపు కంపెనీలు ఈ సంగతిని ఏబదియేండ్ల క్రిందటనే గుర్తించినవి. షెల్ అను చమురు కంపెనీలో పియర్ వాక్ అను ఫ్రెంచి దేశీయుడు 1970 తరువాత ఒక పద్ధతిని నడపెను. రానున్న ధర యింత యని లెక్కగట్టుట మాని, చమురు దేశములు ధర పెంచినచో నేమగును, పెంచనిచో నేమగును అని రెండు మూడు స్థితులను వ్రాసి, ఒక్కొక్కదానియందు చేయవలసిన పనిని అధికారులచేత ముందుగానే యోచింపజేయుట ఆ పద్ధతి. 1973 అక్టోబరులో అరబ్బులకును ఇజ్రాయెలుకును యుద్ధము వచ్చి, పీపా మూడు డాలర్ల చమురు కొలది నెలలలో పన్నెండు డాలర్లకు చేరువయ్యెను. తక్కినవారు తెల్లబోయియుండగా షెల్ వారు త్వరగా సర్దుకొనిరి. దీనినే ఇంగ్లీషున సినేరియో ప్లానింగు అందురు.

ఇది చమురు దొరల పని, మనకేల యని కొందరు నవ్వవచ్చును. కాని మన పత్తిచేను లోకమునకు అంత దూరముగా నున్నదా? 2010 ఆరంభమున న్యూయార్కు బజారున పౌను దూది డాలరులోపే. 2011 మార్చిలో రెండు డాలర్లు దాటెను. 2012 నాటికి మరల డాలరు దిగువకు పడెను. 2022 ఆరంభమున ఆదిలాబాదులో క్వింటాలు పత్తి పదివేల రూపాయలు దాటినది. ఆ ధర కన్నులలో మెదలుచుండగా తరువాతి పంటను ఎందరో రైతులు ఇండ్లలో నిలువచేసి నెలల తరబడి కాచుకొనిరి. ధర తిరిగి రాలేదు. బాకీల వడ్డీ ఎవరికొరకును ఆగలేదు.

2025 ఆగస్టు సంగతి చూడుడు. మన చేలు పూతమీద నుండగా, 19వ తేదీనుండి కేంద్ర ప్రభుత్వము విదేశీ దూదిపై 11 శాతము దిగుమతి సుంకమును తీసివేసెను. ఆ మినహాయింపును పిదప డిసెంబరు 31 వరకు పొడిగించిరి. అదే నెల 27న అమెరికావారు మన సరకులలో చాలవాటిపై సుంకమును 50 శాతమునకు పెంచిరి. బయటి దూది చవుకగా లోనికి వచ్చెను, మన బట్టలు బయటికి పోవుట కష్టమయ్యెను. ఈ ఉత్తరువులు రైతు నడిగి చేసినవి కావు. ఆ యేటికి పొడుగు పింజ పత్తికి 8,110 రూపాయల మద్దతు ధర యున్నమాట నిజమే. అయితే తేమ 8 శాతము దాటిన కొలది కాటన్ కార్పొరేషనువారు ధర తగ్గింతురు. 12 శాతము దాటినచో కొననే కొనరు. ఆరబోయుటకు గచ్చు లేని రైతుకు ఆ ధర కాగితము మీదిదే.

ఇచట ఒక మాట దాచక చెప్పవలయును. కంపెనీల ముందాలోచనలో సగము, నష్టమును ఇతరులమీదికి నెట్టు ఉపాయమే. ధర పడునని తోచిన నాడు మిల్లుదారు కొనుగోలు ఆపును. విత్తుల వ్యాపారి నగదు ముందే పుచ్చుకొనును. వరుసలో కడపటివాడు రైతు, అతని వెనుక నెవడును లేడు. అందుచేత ఈ పని ఒంటరి రైతువలన గాదు. 1956లో నాటి కరీంనగరు జిల్లాలోని ముల్కనూరులో అలిగిరెడ్డి కాశీ విశ్వనాథరెడ్డిగారు స్థాపించిన సంఘము అప్పు, ఎరువు, అమ్మకము మూడింటిని ఒక్క చేతిమీద నడపుటచేతనే సభ్యునికి ఆసరా కాగలిగినది.

మా సూచన యిది. మృగశిర కార్తెకు ముందు ప్రతి సంఘమును ఒక పూట కూర్చుండి మూడు స్థితులను వ్రాసికొనవలయును: బజారు ధర మద్దతు ధరకు పైనున్నచో, ధర పడి కార్పొరేషను ఒక్కటే కొనునదైనచో, ధర పడుటయే గాక, పత్తి ఏరు వేళ వాన కురిసినచో. మొదటిదానికి పెద్ద యోచన అక్కరలేదు. ఆనాడు అందరును బుద్ధిమంతులే. మూడవదానికే కాలము వెచ్చింపవలయును: టార్పాలిన్లు ఎన్ని, గచ్చు ఎవరిది, తేమ కొలుచు యంత్రము సంఘమున నున్నదా, కౌలురైతు పేరు అమ్మకపు పట్టికలో నెక్కినదా, రిజర్వు నిధినుండి చేబదులు ఎంతవరకు ఈయవచ్చును. యూరియాను గూర్చియు నిట్లే. ఏటా 12.7 లక్షల టన్నులు చేయగల రామగుండము కర్మాగారము మన గుమ్మముననే యున్నను, 2025 వానకాలమున మనవారు యూరియాకై చెప్పులు వరుసబెట్టి నిలువవలసివచ్చెను.

ఈ కూటమునకు కౌలుదార్లను, పత్తి ఏరు స్త్రీలను తప్పక పిలువవలయును. పత్తి తేమ సంగతి వారికి తెలిసినంత మా కార్యదర్శులకు తెలియదు.