ఎండ దెబ్బ ఆవుకు, కోత పాలు పోసేవారికి

వేసవి వచ్చిందంటే పాడి పశువుల సంరక్షణ మీద సలహాలు వరసగా వస్తాయి. పాకలో ఫ్యాన్లు పెట్టండి, తుంపరలు చల్లే గొట్టాలు బిగించండి అంటారు. మంచి మాటే. కాని కూలి కుటుంబం పాడి అంటే ఏమిటి? ఒక్క ఆవు, ఒక రేకుల పంచ, బిందె నీళ్ళకు పంపు దగ్గర వంతు. ఆ సలహాలు వీళ్ళను చూసి రాసినవి కావు.

మన ఒంగోలు ఆవుకు వదులు చర్మం, తెల్లని వెంట్రుక వున్నాయి. ఎండకు తట్టుకుంటుంది, పాలు మాత్రం తక్కువ. 1970లో ఆపరేషన్ ఫ్లడ్ మొదలైన తర్వాత జెర్సీ, హోల్‌స్టీన్ సంకరజాతి ఆవులు పల్లెల్లోకి బాగా వచ్చాయి. పాలు పెరిగిన మాట నిజం. కాని అవి చలిదేశాల రక్తం కలిసిన పశువులు. గేదెకైతే నల్లని చర్మం, తక్కువ చెమట. చెరువులో పడుకుంటేనే దానికి ప్రాణం కుదుటపడేది. చెరువులు ఏ మేరకు మిగిలాయో మనకు తెలియనిది కాదు.

రెండు వైపులా కోత

ఎండకు ఆవు ముందు మేత తగ్గిస్తుంది. మేత తగ్గితే పాలు తగ్గుతాయి. గడ్డి తినడం తగ్గితే వెన్న శాతం కూడా పడిపోతుంది. పూటకు ఐదు లీటర్లు పోసే ఆవు నాలుగుకు దిగిందనుకుందాం. వెన్న తగ్గిందని కేంద్రంలో లీటరు ధర 36 నుండి 33 రూపాయలు చేశారనుకుందాం. 180 రూపాయలు రావలసిన చోట 132 వస్తాయి. పాలు ఐదో వంతు తగ్గితే డబ్బు నాలుగో వంతుకు మించి తగ్గింది. పట్నంలో ప్యాకెట్టు ధర మాత్రం వేసవి అని తగ్గదు కదా! పైగా ఎండలకు ఆవు మూగ ఎదకు వస్తుంది, చూలు సరిగా నిలవదు. ఆ నష్టం మరుసటి ఏటికి పాకుతుంది.

చేతిలో వున్న పనులు

ఆవు డొక్క ఎగరడం లెక్కపెట్టండి. మామూలుగా నిమిషానికి ముప్ఫైకి అటూయిటూ వుంటుంది. అరవై దాటితే ఎండ పట్టుకున్నట్టే. నోరు తెరిచి రొప్పుతూ, చొంగ కారుస్తుంటే ప్రమాదం ముదిరింది. వెంటనే నీడకు తోలి, తలమీద, ఒంటిమీద చల్లని నీళ్ళు పోయాలి. రొప్పుతున్నప్పుడు గొంతులో బలవంతాన ఏమీ పోయకూడదు, వూపిరితిత్తుల్లోకి పోతుంది. 1962 నంబరుకు ఫోను చేసి పశువైద్య వాహనాన్ని పిలిపించాలి.

రేకుల మీద వరిగడ్డిగాని, తాటాకుగాని పరిచి తడపండి. చెట్టు నీడ వుంటే అంతకంటే మేలు. ఎండుగడ్డి అరిగేటప్పుడు పొట్టలో వేడి పుడుతుంది. కాబట్టి దాన్ని తెల్లవారకముందు, పొద్దుగూకాక వెయ్యాలి. పాలిచ్చే ఆవుకు వేసవిలో రోజుకు అరవై నుండి వంద లీటర్ల నీళ్ళు కావాలి. ఒంటిమీద నీళ్ళు చల్లితే గాలి ఆడాలి. మూసిన పాకలో చల్లితే వుక్క పెరిగి చెరుపే చేస్తుంది.

మనం అడగవలసింది

ఇంతవరకు మన చేతిలోది. ఆ వంద లీటర్లు ఎక్కడినుండి వస్తాయి, ఎవరు మోస్తారు? 2015 మే నెల వడగాడ్పులకు ఆంధ్ర, తెలంగాణల్లో రెండువేల మందికి పైగా చనిపోయారు. మిట్టమధ్యాహ్నం బిందె మోసే ఆడమనిషికి కూడా అదే ఎండ. ఆవుకు నీళ్ళు దగ్గరికి రావాలంటే వూరిలో పశువుల తొట్టి కడితే చాలదు, దాన్ని రోజూ నింపాలి. అది పంచాయితీ బాధ్యత. పశువుల పాకకు ప్రభుత్వం డబ్బిచ్చినా జాగాలేని కూలివాడు దాన్ని ఎక్కడ కడతాడు? వూరుమ్మడి స్థలంలో ఉమ్మడి పాకలు కట్టించాలి.

మామూలు పశు బీమా ఆవు చస్తే డబ్బిస్తుంది. ఎండకు చచ్చేది తక్కువ, పాలు పోయేదే ఎక్కువ. కేరళలో మలబారు ప్రాంత పాల సహకార సమాఖ్య 2023లో వేరే రకం బీమా తెచ్చింది. ఎండ ఒక హద్దు దాటి వరసగా కొన్ని రోజులు కాస్తే పరిహారం వస్తుంది, ఆవు చావనక్కరలేదు. అక్కడ సహకార సంఘం నిలిచి వుంది కాబట్టి అది సాధ్యమైంది. మన చిత్తూరు సహకార డెయిరీ 2002లోనే మూతపడింది. అడిగేందుకు సంఘం లేనిచోట ధర చెప్పేది కొనేవాడే.

అందుచేత వేసవి నాలుగు నెలలూ లీటరుకు కనీస ధర, వెన్న పేరుతో కోత లేకుండా యివ్వాలని, ఎండ బీమా పెట్టాలని మేమంటున్నాము. ఆవును నీడకు కట్టడం ఒక్కరి పని. యీ రెండూ రావాలంటే కేంద్రంలో పాలు పోసేవాళ్ళంతా ఒక్కమాట మీద నిలబడాలి. వేసవి ముదరకముందే ఆ మాట అనుకోవాలి.