పాపికొండల గేటు ఎవరి చేతిలో ఉంది?



సెలవులొస్తే చాలు, కొత్తగూడెం నుంచి బండ్లు కట్టుకొని భద్రాచలం మీదుగా పాపికొండలకు పోతున్నరు. పోచవరంలో లాంచీ ఎక్కి, గోదావరి కొండల నడుమ సన్నబడే చోట ఫోటోలు దిగి స్టేటస్ పెడుతున్నరు. పోండి, కాదనం. ఒక్క మాట అడుగుతం. ఆ ఫోటోలో కొండ ఉంది, నది ఉంది. కొండరెడ్డి ఏడి? పేరంటపల్లి రేవులో వెదురు పూలు అమ్ముకుంటూ ఫ్రేముకు అడ్డమొచ్చిన మనిషి అయిండు. టికెట్టు మీద ఆయన గ్రామసభకు మాట లేదు.

"ఆదివాసులకు టూరిజం ఏం తెలుసు" అనేటోళ్లు అమెరికాలోని అరిజోనా ఎడారిని చూడండి. అక్కడి యాంటిలోప్ కాన్యన్ ఎర్ర ఇసుకరాయిని వరదనీళ్లు కోసిన ఇరుకు సందు. ఎండ నడినెత్తికొచ్చినప్పుడు వెలుగు నిలువునా లోపలికి దిగుతది. అక్కడ తీసిన ఒక్క ఫోటోను 65 లక్షల డాలర్లకు అమ్మిన అని 2014లో పీటర్ లిక్ అనే ఫోటోగ్రాఫర్ ప్రకటించుకున్నడు. ఆ నేల నవాహో ఆదివాసులది. 1997 నుంచి అది నవాహో ట్రైబల్ పార్కు. ఎంత పెద్ద కెమెరా ఉన్నా వాళ్లు అనుమతించిన గైడు లేకుండ లోపల అడుగు పెట్టలేరు. ప్రవేశ రుసుము నవాహోలకు పోతది.

నీళ్ల సంగతి ఆ నేల మీద బతికేటోళ్లకే తెలుస్తది. 1997 ఆగస్టు 12న ఎక్కడో దూరాన కురిసిన వాన వరదై ఆ సందులోకి దూకి 11 మంది యాత్రికులను మింగింది. మన దగ్గర 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర బోటు మునిగింది. వరద గోదావరిలో బోటు వదలాలా వద్దా అని ఒడ్డు ఊళ్లను ఎవరన్నా అడిగిండ్రా? మునిగినోళ్లను కాపాడ పడవలేసుకొని ఉరికింది మాత్రం ఆ ఊళ్లోళ్లే.

నవాహోలకు అన్నీ దక్కినయని అంటలేను. ఆ లోయ పక్కనే 2,250 మెగావాట్ల బొగ్గు కరెంటు ప్లాంటు ఉండె. కాలింది నవాహో, హోపీ నేలల బొగ్గు. కరెంటు నగరాలకు పోయింది, ఎన్నో నవాహో ఇండ్లల్ల బల్బు వెలగలే. 2019 నవంబరులో ప్లాంటు మూతపడ్డది, కొలువులు పోయినయి. లోయ గేటు మాత్రం వాళ్ల చేతిలోనే ఉంది. సింగరేణి బొగ్గు, పాల్వంచ పొగ చూసిన మనకు ఈ కథ విడమర్చి చెప్పాల్నా?

మనకు చట్టం లేక కాదు. 1/70 ఉంది. 1996 పీసా ఉంది. షెడ్యూల్డ్ ప్రాంతంలో ప్రభుత్వ భూమిని సైతం ఆదివాసేతర ప్రైవేటు కంపెనీలకు లీజుకియ్యొద్దని 1997 జులైలో సమతా తీర్పు చెప్పింది. అయినా 2014లో పోలవరం కోసం మన ఖమ్మం జిల్లా మండలాలను ఆంధ్రలో కలిపిన్రు. పోచవరం అట్లనే పోయింది. రేపు నీళ్లు నిలిస్తే లాంచీలు ఇంకా పైకి తేలి తిరుగుతయి, ఊళ్లు కింద ఉంటయి.

అందుకే అడుగుతున్నం. గ్రామసభ ఒప్పుకున్నంకనే రేవు, రిసార్టు. టికెట్టులో వాటా గ్రామసభ ఖాతాకు. గైడు, సరంగు ఆ ఊరి పిల్లలే. ఇది దానం కాదు, హక్కు.

యాత్రికులారా, మునగబోయే ఊరిని ఫోటో తీసి "స్వర్గం" అని రాయకండి. ఊరి పేరు అడిగి రాయండి. మనిషిని తీసేముందు మనిషిని అడగండి.

మావ నాటే మావ రాజ్!